గబ్బిలముతో కబురంపిన మహాకవి - గుఱ్ఱం జాషువా

ఉగాదినాడు ఉదయము వేపపువ్వు పచ్చడి పుచ్చుకొని, పంచాంగశ్రవణము విని, సాయంకాలము పిల్లలచేత పద్యములు చదివించుట మనవంటి ప్రవాసాంధ్రులకు ఏండ్ల తరబడిగా వస్తున్న ఆచారము. వేమన పద్యము, పోతన పద్యము తప్పక వినబడతాయి. ఆ తరువాత ఎవరో ఒక పెద్దవారు గొంతు సవరించుకొని శ్మశానవాటిక పద్యము ఒకటి రాగము తీసి పాడతారు. ఆ పద్యములు హరిశ్చంద్ర నాటకములో నటకుల నోట ఎంతగా నలిగినవంటే, అవి ఆ నాటకమును వ్రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారివే అనుకొనేవారు మనలో చాలామంది ఉన్నారు. పాపాయి పద్యములు ఘంటసాలగారి రికార్డులో విని మురిసిపోయిన తల్లులు కూడ అనేకులు. ఈ రెండును గుఱ్ఱం జాషువాగారివే. పద్యము మన నోట నిలిచినది గాని, పద్యకర్త బ్రతుకు మన పిల్లలకు తెలియదు. పండితులు వ్రాయవలసిన విషయమే అయినా, తెలిసినంతవరకు చెప్పుదామని ఈ ప్రయత్నము.

జాషువాగారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించినారు. అది చాలకాలము గుంటూరు జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. తండ్రి వీరయ్యగారు యాదవ కులములో పుట్టి క్రైస్తవ మతము తీసుకొన్నవారు. తల్లి లింగమ్మగారు మాదిగ కులస్థురాలు. అంటే పుట్టుకలోనే ఈ బిడ్డ రెండు కులములకు, రెండు మతములకు నడుమ సరిహద్దుమీద పడినాడు.

ఆ రోజులలో ఆ ప్రాంతమున క్రైస్తవము ఎట్లా వ్యాపించినదో కొంచెము చెప్పుకొనాలి. హేయరు దొరగారు 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషను పనికి పునాది వేసినారు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనువారు పనిచేసినారు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరమైన కరవులో మాల మాదిగ పల్లెలు తిండిలేక అల్లాడినవి. ఆ కరవు చివర 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మము పుచ్చుకొన్నారు. గంజి కొరకు మతము మారినారని కొందరు ఎద్దేవా చేయవచ్చును. కాని బావిదగ్గరకు రానివ్వని ఊరికన్న బడిలో కూర్చోబెట్టిన మిషను ఆ జనమునకు దగ్గరగా తోచుటలో ఆశ్చర్యమేమి ఉన్నది? అయితే మతము మారినంత మాత్రమున కులము మారలేదు. ఊరిలో వారిని చూచే చూపు అదే. పల్లె అదే, బావి అదే. ఈ సంగతి జాషువాగారికి పలకా బలపము పట్టిననాడే తెలిసినది.

బడిలో చేరిన తరువాత తోటిపిల్లలు కులము పేరుపెట్టి వెక్కిరించేవారు. పంతుళ్ళు కూడ తక్కువ చూపు చూచేవారు. ఈ పిల్లవాడు ఏడ్చి ఇంటికి వెళ్ళే రకము కాదు. వెక్కిరించినవాడిని పట్టుకొని నాలుగు తగిలించేవాడు. ఒకవైపు ఈ కొట్లాటలు, మరొకవైపు బొమ్మలు గీయుట, పాటలు పాడుట. ఆ ఊరిలోనే దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు ఆయనకు బాల్యస్నేహితులు. వారు కూడ తరువాత కవులైనారు. బ్రాహ్మణ బాలుడును క్రైస్తవ బాలుడును కలిసి పద్యములు అల్లుకొన్నారు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు జాషువాకు రఘువంశము, కుమారసంభవము, మేఘసందేశము చెప్పినారు. ఊరిలో కుల కట్టుబాటు ఎంత గట్టిగా ఉన్నదో తెలిసినవారికి ఈ ఇద్దరు శాస్త్రుల మనసు ఎంత పెద్దదో తెలుస్తుంది. అవమానించినవారిని తలచుకొనేటప్పుడు ఆదరించినవారిని కూడ తలచుకొనుట న్యాయము. ఆనాడు చెవిన పడిన మేఘసందేశము ఏండ్ల తరువాత తెలుగు భాషకు ఎంతటి ఫలమునిచ్చినదో ముందు చెప్పబోతున్నాను.

పదిహేనవ ఏట, 1910లో, ఆయనకు మేరీగారితో వివాహమైనది. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా చేరినారు. ఆ ఉద్యోగము కూడ నిలువలేదు. పొట్ట చేతపట్టుకొని రాజమహేంద్రవరము చేరి 1915-16 ప్రాంతములో అక్కడ సినిమా వాచకుడుగా పనిచేసినారు. ఈ ఉద్యోగము సంగతి ఈనాటి పిల్లలకు తెలియదు. అప్పటి బొమ్మలకు మాటలు లేవు. తెరమీద బొమ్మ ఆడుతుంటే ప్రక్కన నిలుచుండి కథ, సంభాషణలు జనమునకు వినిపించే మనిషి ఒకడు ఉండేవాడు. చీకటిలో నిలుచుండి గొంతు మాత్రమే వినిపించే ఆ కొలువులో ఎవరును ఆయన కులము అడిగి ఉండరు. ప్రజల చెవికి ఏ మాట ఇంపుగా తగులుతుందో, ఎక్కడ ఆగితే సభ నిశ్శబ్దమౌతుందో ఆయన అక్కడనే నేర్చినారేమోనని నాకు అనిపిస్తుంది.

తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పది సంవత్సరములు పనిచేసినారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. ఉభయభాషాప్రవీణులైనారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో యుద్ధ ప్రచారకులుగా కూడ తిరిగినారు. ఒక్క కలము పట్టిన మనిషి కుటుంబము గడుపుటకు ఎన్ని వేషములు వేయవలసి వచ్చినదో చూడండి.

ఇక ఆయన పడిన రెండు విధముల బహిష్కారము గూర్చి చెప్పాలి. వినుకొండలో ఒకసారి అవధానసభ జరిగినది. అక్కడ జాషువాగారు పద్యములు చదివినారు. పద్యములలో దోషము ఎవరును చూపలేకపోయినారు గాని, ఇటువంటివానిని సభలోనికి ఎవరు రానిచ్చినారని కొందరు లేచి గొడవ చేసినారు. ఇది హిందూ సమాజము మూసిన తలుపు. పోనీ, సొంత మతమువారైనా తలుపు తెరిచినారా అంటే అదియును లేదు. పురాణగాథలు తీసుకొని కావ్యములు వ్రాసినాడని క్రైస్తవ మతపెద్దలు ఆయనను తమ సమాజమునుండి వెలివేసినారు. రుక్మిణీ కల్యాణము, కుశలవోపాఖ్యానము వంటివి ఆయన తొలి రచనలలోనివి. చెప్పుకొనుటకు మతము ఉన్నది, చేర్చుకొనుటకు మతస్థులు లేరు. వ్రాయుటకు పురాణములు ఉన్నవి, వినుటకు పౌరాణికులు లేరు. ఇటు గుడిమెట్లు ఎక్కనివ్వరు, అటు చర్చిగడప తొక్కనివ్వరు. ఇటువంటి స్థితిలో మరొకరైతే కలము పారవేసి ఊరుకొనేవారు. ఆయన మతముల కట్టడినుండి తానే బయటకు నడిచి, మనిషి అనే ఒక్క జాతినే తన జాతిగా ఎంచుకొన్నారు.

రైలులో జరిగిన ఒక సంఘటన ఆయన గురించి తరచుగా చెప్పుకొంటారు. రైల్వేలో పనిచేసేవాడిని గనుక నా మనసుకు అది ఎక్కువగా పట్టినది. తోటి కవులతో కలిసి ఆయన రైలెక్కి ఒక రాజావారికి పద్యములు వినిపించినారట. రాజావారు తల ఊపి, శభాషని మెచ్చుకొని, చివరకు కులమేమిటని అడిగినారట. జవాబు విన్నవెంటనే ఆ మెచ్చుకోలు అంతా ఆరిపోయినది. పద్యము అదే, గొంతు అదే, పెట్టె అదే. మారినది రాజావారి మొగము మాత్రమే. రైలుపెట్టెలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నా చక్రములు ఒకే వేగముతో పోతాయి. పట్టాలకు లేని పట్టింపు మనుషులకే వచ్చినది. ఆ అవమానము జాషువాగారు మరువలేదు. పద్యముగా మార్చి పెట్టినారు. అడిగినవాడు పోయినాడు, పద్యము ఉన్నది.

ఆయన కావ్యములలో 1932లో వచ్చిన ఫిరదౌసి అందరు చదువదగినది. పారశీక కవి ఫిరదౌసి షానామా వ్రాసినాడు. పద్యమునకు ఒక బంగారు నాణెము చొప్పున ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చి, చివరకు వెండి నాణెములు పంపించినాడని కథ. ఇస్లాము మతస్థుడైన కవి పడిన వ్యథను, క్రైస్తవ కుటుంబమున పుట్టిన కవి, సంస్కృత కావ్యములు చదువుకొన్న తెలుగులో పాడినాడు. ముంతాజమహలు గూర్చి, గాంధీజీ గూర్చి, నేతాజీ గూర్చి కూడ ఆయన కావ్యములు వ్రాసినారు. ఏ మతమువారి కన్నీరైనా ఆయన కలమునకు ఒక్కటే.

ఇక గబ్బిలము. 1941లో వెలువడిన ఈ కావ్యము మన దక్షిణాది తెలుగువారికి మరింత దగ్గరిది. ఏమంటే, ఇందులోని కథానాయకుడు తంజావూరు సీమవాడు. కాలము రఘునాథనాయకుడు పాలించిన కాలము, అనగా పదిహేడవ శతాబ్ది మొదటి భాగము. నాయకునికి పేరు లేదు. అరుంధతీసుతుడు, అనగా మాదిగబిడ్డ. పగలంతా ఒళ్ళు విరుచుకొని పనిచేసి, రాత్రి అరకడుపుతో గుడిసెలో పడుకొంటాడు. తన బాధ ఈశ్వరునకు చెప్పుకొందామంటే గుడిలోనికి పోనివ్వరు. ఆ రాత్రి గుడిసెలోనికి ఒక గబ్బిలము వస్తుంది.

కాళిదాసు యక్షునకు మేఘము దొరికినది. నలునికి హంస దొరికినది. ఈ పేదవానికి దొరికినది గబ్బిలము. మన ఇండ్లలో గబ్బిలము దూరితే అపశకునమని శాంతి చేయిస్తాము. అటువంటి జీవియే ఈ మనిషికి తగిన దూత అని కవి ఎంచినాడు. ఇందులో ఒక గొప్ప యుక్తి ఉన్నది. గబ్బిలము గుడిలోనే కాపురము ఉంటుంది. దానిని ఎవరును ఆపరు. గర్భగుడి కప్పునుండి తలక్రిందుగా వ్రేలాడుతూ దేవుని చెవికి దగ్గరగా ఉంటుంది. మనిషికి లేని ప్రవేశము గబ్బిలమునకు ఉన్నది. అందుచేత, కాశీకి పోయి, పూజారి లేని సమయము చూచి విశ్వనాథుని చెవిలో తన గోడు చెప్పి రమ్మని అతడు దానిని బ్రతిమాలుకొంటాడు. దారిలో తెలుగు రాజుల, తెలుగు కవుల కీర్తి నిలిచిన చోట్లన్నీ చూచి పొమ్మని చెబుతాడు. తనను అంటరానివాడని వెలివేసిన దేశమును అంత ప్రేమతో వర్ణించుట చూస్తే కండ్లు చెమరుస్తాయి. యక్షుడు అడిగినది ప్రియురాలి కుశలము. ఇతడు అడిగినది న్యాయము. చిన్ననాడు హనుమచ్ఛాస్త్రిగారు చెప్పిన మేఘసందేశము ఈ విధముగా గబ్బిలమై ఎగిరినది.

అస్పృశ్యతమీద తెలుగులో అంతకుముందు రచనలు లేవని కాదు. అదే గుంటూరు జిల్లాకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు జైలులో ఉండి వ్రాసిన మాలపల్లి నవల 1922లో వచ్చినది. ఆనాటి మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది కూడ. అది కులముచేత పైన ఉన్న ఒక మహానుభావుడు క్రిందికి దిగి వచ్చి చూచి వ్రాసిన గ్రంథము. గబ్బిలము లోపల ఉండి అనుభవించినవాడు వ్రాసినది. రెండును మన భాషకు కావలసినవే. రెంటినీ చదివినవారికి తేడా తెలుస్తుంది.

కాలము గడిచినకొలది అవమానించిన సమాజమే ఆయనకు నీరాజనములు పట్టినది. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయముగా ఆయన కాలికి గండపెండేరము తొడిగినారు. శతావధాని, బ్రాహ్మణుడు, వయోవృద్ధుడు అయిన పండితుడు వంగి, అంటరానివాడని అనిపించుకొన్న కవి పాదము ముట్టుకొన్నాడు. ఒక సభలో పనికిరావన్నవారు, మరొక సభలో కాలు పట్టుకొన్నవారు - ఒక్క జీవితములో రెండును చూచినవారు ఆయన. కవికోకిల, మధుర శ్రీనాథ, నవయుగ కవిచక్రవర్తి వంటి బిరుదులు వచ్చినవి. 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ ప్రయోక్తగా పనిచేసినారు. అంటే మనవలె ఆయన కూడ కొంతకాలము ఉద్యోగము కొరకు తమిళదేశమున కాపురమున్న తెలుగువారే. 1958లో క్రీస్తుచరిత్ర వెలువడినది. వెలివేసిన మతపెద్దలమీద కోపము క్రీస్తుమీద చూపలేదు. ఆ గ్రంథమునకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ సంవత్సరమే శాసన మండలి సభ్యులైనారు. నా కథ అనే పేరుతో తన జీవితమును తానే పద్యములలో చెప్పుకొన్నారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణతోను, భారత ప్రభుత్వము పద్మభూషణ్‌తోను గౌరవించినవి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసినారు.

ఆయన కుమార్తె హేమలతగారు విజయవాడలోని నాస్తికోద్యమ నాయకులు గోరాగారి కుమారుడు లవణంగారిని వివాహమాడినారు. స్టూవర్టుపురములోను, నిజామాబాదు జిల్లాలోని జోగినుల నడుమను ఆమె చేసిన సేవ తెలుగుదేశమంతా ఎరుగును. ఆమె 2008లో మరణించినారు. తండ్రి పద్యములో అడిగిన ప్రశ్నకు కూతురు పనితో జవాబు వెదికినదని అనవచ్చును.

జాషువాగారు పడిన చిక్కు ఆయనతో తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కులముల హోదా ఇచ్చినారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించినారు. క్రైస్తవములో కలిసినవారికి ఆ హోదా లేదు. ఆంధ్రలో వారిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కవేస్తారు. చట్టము దృష్టిలో వారి కులము పోయినది. ఊరి దృష్టిలో పోలేదు. దీనిమీద వాదోపవాదములు ఎన్నో ఉన్నవి. వాటిని తేల్చుట నావంటి గుమాస్తా పని కాదు. కాని రెండు తలుపుల నడుమ నిలుచున్న మనిషి బాధ ఏమిటో తెలియవలెనంటే చట్టపు పుస్తకములకన్న జాషువాగారి కావ్యములే ముందు చదువవలెను.

ముగించేముందు ఒక్కమాట. గబ్బిలములోని ఆ తంజావూరు మనిషి కేవలము కల్పన అని మనము అనుకొంటాము. తమిళనాట అరుంధతియర్లు అని ఒక జనము ఉన్నారు. వారిలో అనేక కుటుంబములు ఇంటిలో తెలుగే మాట్లాడుతాయి. పారిశుధ్యపు పనిలో వారు ఎక్కువగా కనబడతారు. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల వాటాలో వారికి ప్రత్యేకముగా మూడు శాతము కేటాయించినది. రఘునాథనాయకుని సభ గురించి, సరస్వతీ మహలులోని తెలుగు తాళపత్రముల గురించి మనము గర్వముగా చెప్పుకొంటాము. ఆ సభకు పోయినవారి చెప్పులు కుట్టినవారు ఏ భాష మాట్లాడినారో తలచుకొనము.

ఇందులో నా తప్పు కూడ ఉన్నది. ఇంతకుముందు నేను పనిచేసిన ఊరిలో ఉగాది ఆహ్వానములు పంచే పని నాకు అప్పగించినారు. తెలుగు కుటుంబములన్నింటికి ఇయ్యవలెనని చెప్పినారు. కాలనీ అంతా తిరిగినాను. చివరనున్న పారిశుధ్య కార్మికుల వీధిలోనికి మాత్రము పోలేదు. పోవద్దని నాకు ఎవరును చెప్పలేదు. పోవలెనని నాకే తోచలేదు. పండుగ మరునాడు ఉదయము మా ఆఫీసు ఊడ్చే పెద్దావిడ, పండుగ బాగా జరిగిందా నాయనా అని నన్ను చక్కని తెలుగులో అడిగినది. ఆమె తెలుగు ఆమెకు తాతముత్తాతల నాటిది. నా తెలుగుకన్న ఆ ఊరిలో అదే పాతది. నేను తల వంచుకొని జరిగినదని చెప్పినాను. ఆ తరువాతనే గబ్బిలము పుస్తకము తెప్పించుకొని మొదటినుండి చివరి వరకు చదివినాను.

కావ్యములోని అరుంధతీసుతుడు కాశీ వరకు కబురు పంపవలసి వచ్చినది. మన పొరుగున ఉన్నవారికి మనము పంపవలసిన కబురు రెండు వీధుల దూరము. దానికి గబ్బిలము అక్కరలేదు, ఒక ఆహ్వానపత్రము చాలును. ఈ నూతన సంవత్సరములో మన పిల్లలు జాషువాగారి పద్యము ఒకటి నేర్చుకొందురుగాక. ఆ పద్యము చదివే సభలో ముందు వరుసలో ఎవరు కూర్చుండవలెనో పెద్దలమైన మనము ఆలోచింతుముగాక. అందరికిని ఉగాది శుభాకాంక్షలు.